నానబెట్టిన చికెన్ పెనం మీద వేగకపోవడానికి కారణం నీళ్ళే

చికెన్‌కి మసాలా పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు గిన్నెలో ఉన్నదంతా ఉన్నట్టుగా పెనం మీద కుమ్మరించడం దయచేసి మానెయ్యండి. వంటల వీడియోల్లో తరచూ ఇలాగే చూపిస్తారు, చివర్లో మాత్రం ఎర్రగా కాలిన ముక్కలు ప్లేటులో కనిపిస్తాయి. మధ్యలో ఏం చేశారో చెప్పరు. అది చూసి ఇంట్లో చేసినవాళ్ళకి పాలిపోయిన ముక్కలు, చుట్టూ విరిగిన పెరుగు నీళ్ళు, పెనానికి అతుక్కున్న నల్లటి మాడు, వంటగది నిండా పొగ మిగులుతాయి. గ్రిల్లు లేదు కదా, స్టవ్ మీద ఇంతకంటే రాదులే అని సరిపెట్టుకుంటారు. స్టవ్ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. మామూలు పొయ్యి, దళసరి పెనం ఉంటే చాలు, చికెన్ బ్రహ్మాండంగా కాలుతుంది. అడ్డుపడేది ముక్క మీదున్న తడి. అందుకే పెనం మీద వేసేముందు ముక్క మీది అదనపు మసాలాని తుడిచెయ్యాలి.

ఎందుకో చూడండి. ముక్క ఎర్రబడి ఆ కమ్మటి కాల్చిన వాసన రావాలంటే దాని పైభాగం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అంటే పైన తడి ఉన్నంతసేపు ఆ ముక్క ఉపరితలం 100 దాటదు, మీరు మంట ఎంత పెంచినా సరే. పైగా ఒక గ్రాము నీటిని 20 డిగ్రీల నుంచి 100కి తేవడానికి పట్టే వేడికి దాదాపు 7 రెట్లు వేడి, దాన్ని ఆవిరి చెయ్యడానికి పడుతుంది. ముక్కల చుట్టూ 2 గరిటెల పెరుగు మసాలా ఉందంటే పెనం వేడంతా ముందు దానికే ఖర్చయిపోతుంది. ఆ నీళ్ళు ఇగిరేలోపు లోపలి మాంసం ఉడికిపోయి, ముడుచుకుని, తన రసాన్ని కూడా బయటికి వదిలేస్తుంది. ఇంకిన నీళ్ళ స్థానంలో కొత్త నీళ్ళు చేరతాయి. చివరికి నీళ్ళన్నీ పోయి రంగు మొదలయ్యేసరికి ముక్క పీచు పీచుగా తయారవుతుంది.

"మసాలా తీసేస్తే రుచి ఎక్కడినుంచి వస్తుంది?" అనే ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. నానబెట్టినప్పుడు ముక్క లోతుకి నిజంగా వెళ్ళేది ఉప్పు. మిగతావి, అంటే కారం, వెల్లుల్లి, మిరియాలు, మూలికలు, ఎన్ని గంటలు ఉంచినా పైన కొన్ని మిల్లీమీటర్లు దాటి లోపలికి పోవు. కాబట్టి ముక్కకి సన్నగా పట్టుకున్న పొరే రుచికి సరిపోతుంది. దాని మీద గడ్డలుగా కూర్చున్న మసాలా రుచిని పెంచదు, ముందు ముక్కని ఆవిరి మీద ఉడికిస్తుంది, తర్వాత తనే మాడి చేదెక్కుతుంది. కిలో బోన్‌లెస్ చికెన్‌కి 12 నుంచి 15 గ్రాముల ఉప్పు వెయ్యండి, సన్న ఉప్పైతే సుమారు 2 నుంచి 2న్నర టీస్పూన్లు. సాస్ లాంటి ఉప్పటి పదార్థం ఏదైనా కలిపితే ఆ మేరకు తగ్గించుకోండి. ఉప్పు సరిపోలేదంటే మిగతా దినుసులు ఎన్ని వేసినా ముక్క చప్పగానే తగులుతుంది.

తుడవడం ఎలాగంటే, ముక్కని గిన్నె అంచు మీద పట్టుకుని రెండు వైపులా వేళ్ళతో కిందికి దువ్వాలి. గడ్డగా ఉన్నదంతా గిన్నెలోకి జారిపోతుంది. తర్వాత కిచెన్ టిష్యూ మీద పరిచి పైన ఇంకోటి వేసి మెల్లగా అద్దాలి. రుద్దక్కర్లేదు, కడగనే కడగకూడదు. అద్దాక ముక్క మీద రంగు మిగలాలి, మెరుపు పోవాలి. తడి మెరుపు ఇంకా కనిపిస్తుంటే మరోసారి అద్దండి. తరిగిన వెల్లుల్లి, ఉల్లి, ఆకుల తునకలు ఉంటే ఏరి పారెయ్యండి, పెనం మీద ముందు నల్లబడేవి అవే. అద్దిన ముక్కల్ని జల్లెడ మీద పరిచి మూత లేకుండా అరగంట ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది, పైభాగం బాగా ఆరుతుంది. పక్కన వేరే ఆహారానికి తగలకుండా కింది అరలోనే పెట్టండి.

పెనం కోసం కలిపే మసాలాకీ నిప్పుల మీద కాల్చడానికి కలిపే మసాలాకీ తేడా ఉండాలన్నది నా గట్టి నమ్మకం. నిప్పుల మీద కారిపోయేది కింద పడిపోతుంది, పెనం మీద అక్కడే ఉండి మాడుతుంది. అందుకని పెరుగు వాడితే పలచని గుడ్డలో కట్టి గంటసేపు వేలాడదీసి, నీళ్ళు ఓడ్చేశాక వచ్చిన గట్టి పెరుగే కలపండి. వెల్లుల్లిని తరగకుండా మెత్తగా నూరండి. తేనె, పంచదార, బెల్లం నానబెట్టేటప్పుడు వద్దు, ముక్క లోపల ఉడకకముందే పైన నల్లగా అవుతాయి. తీపి కావాలంటే చివరి 1 నిమిషంలో పూయండి. ఒక చెంచా నూనె మాత్రం ముందే కలపండి, కారాల రంగు, వాసన నూనెలోకి దిగి ముక్కంతా సమానంగా పరుచుకుంటాయి.

ఇక ఎంతసేపు నానాలి అన్నదాంట్లో "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనే మాట తప్పు. నిమ్మరసం, వెనిగర్ ఎక్కువగా ఉంటే 30 నిమిషాల నుంచి 2 గంటలు చాలు. అంతకు మించితే పైభాగం తెల్లగా, సుద్దలా అయిపోతుంది. పెరుగు పులుపు నెమ్మదైనది, 4 నుంచి 12 గంటలు తట్టుకుంటుంది. పచ్చి బొప్పాయి, పచ్చి అనాసలో మాంసకృత్తుల్ని తెంపే ఎంజైములు ఉంటాయి. చికెన్ అసలే మెత్తటి మాంసం, దానికి అవి అవసరమే లేదు. వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పైపొర ముద్దగా మారి పెనానికే అంటుకుపోతుంది. గిన్నె స్టీలుదో గాజుదో ఉండాలి, పులుపు తగిలే అల్యూమినియం వద్దు.

పెనం విషయానికొస్తే గీతలున్న గ్రిల్ పెనం కొనకండి. ముక్కకి తగిలేది ఆ గట్లు మాత్రమే. మధ్యలోని పల్లాల్లో రసం చేరి, అక్కడ ఆవిరి పుట్టి, ముక్కలో ఎక్కువ భాగం ఉడుకుతుంది. గీతలు అందంగా పడతాయి, వాటి మధ్య మాంసం తెల్లగా ఉంటుంది. ఆ పల్లాల్లో మాడిన మసాలాని తోమడం వేరే శిక్ష. బల్లపరుపు ఇనుప పెనం, లేదా అడుగు మందంగా ఉన్న స్టీలు పెనం చాలు. పలచటి పెనమైతే చల్లటి ముక్క తగలగానే వేడి ఠక్కున పడిపోతుంది. నాన్‌స్టిక్ మధ్యస్థ మంట మీద పనికొస్తుంది గానీ దాన్ని ఖాళీగా పెట్టి భగభగ కాచకండి, 260 డిగ్రీలు దాటితే పూత చెడిపోవడం మొదలై హానికరమైన పొగలు వస్తాయి. పెంపుడు పక్షులున్న ఇంట్లో అవి ప్రాణాంతకం.

ఇనుప పెనాన్ని మధ్యస్థ మంట మీద 4, 5 నిమిషాలు కాగనివ్వండి. నీటి చుక్క వేస్తే వెంటనే చుయ్యిమని ఎగిరిపోవాలి. స్టీలు పెనం సరిగ్గా కాగితే చుక్క వెంటనే ఆవిరవకుండా పాదరసంలా దొర్లుతుంది. అప్పుడు ఒక పెద్ద చెంచా రిఫైన్డ్ నూనె వేసి, అది పలచబడి పాకగానే ముక్కని మీ వైపు నుంచి అవతలికి పరుస్తూ వదలండి, నూనె మీ మీదికి చిమ్మదు. వెన్న ఇప్పుడు వద్దు, అందులోని పాల పదార్థం మాడుతుంది. ముక్క పడగానే అట్లకాడతో అరనిమిషం మెత్తగా అదిమితే మొత్తం పెనానికి ఆనుతుంది.

అప్పటినుంచి చెవి పెట్టి వినండి. పొడిగా ఉన్న ముక్క పడగానే చుర్రుమంటుంది, ఆ చప్పుడు సన్నగా, చిటపటగా నిలకడగా సాగుతుంది. 1 నిమిషంలో అది బుడబుడగా, మెత్తగా మారిందంటే నీళ్ళు చేరాయన్నమాట. అంచుల చుట్టూ చూస్తే తెల్లటి నురగ కనిపిస్తుంది. ఆ సమయంలో మంట కొంచెం పెంచి, రెండు ముక్కలు తీసి పక్కన పెట్టండి. ఇరికించడమే దీనికి మూలం. 28 సెంటీమీటర్ల పెనంలో ఒక వాయికి 400 నుంచి 500 గ్రాములే, ముక్కకీ ముక్కకీ మధ్య వేలెడు సందు ఉండాలి. కిలో చికెన్ అంటే రెండు వాయిలు. ఒక్కసారే వేసి సమయం కలిసొస్తుందనుకోవడం భ్రమ, నీళ్ళు ఇగరడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

మాటిమాటికీ తిప్పకండి. మొదట్లో మాంసం లోహానికి అతుక్కుంటుంది, కింద పెచ్చు కట్టాక తనే వదులుతుంది. అట్లకాడ పెడితే లేవట్లేదంటే ఇంకా టైం ఉందని అర్థం, గోకితే ఆ పెచ్చు పెనానికే మిగిలిపోతుంది. బోన్‌లెస్ తొడ ముక్కలకి మొదటివైపు 5, 6 నిమిషాలు, రెండోవైపు 4 నిమిషాలు. బ్రెస్ట్ ముక్క ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా ఉంటుంది కాబట్టి అడ్డంగా చీరి గానీ అదిమి కొట్టి గానీ ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి తెచ్చుకోండి. అప్పుడు మొదటివైపు 4, రెండోవైపు 3 నిమిషాలు దాదాపుగా సరిపోతాయి.

ఎముక ఉన్న ముక్కలకి ఈ లెక్క కుదరదు. పైన మాడినా ఎముక దగ్గర పచ్చిగానే ఉంటాయి. వాటిని రెండు వైపులా 4 నిమిషాల చొప్పున ఎర్రగా కాల్చి, మంట బాగా తగ్గించి, మూత పెట్టి 15 నుంచి 20 నిమిషాలు మగ్గనివ్వాలి, మధ్యలో ఒకసారి తిప్పాలి. తర్వాత మూత తీసి మంట పెంచి, చేరిన నీళ్ళన్నీ ఇగిరి నూనె తేలేదాకా కాల్చాలి. మూత కింద మెత్తబడిన పైపొర మళ్ళీ గట్టిపడేది మూత తీశాక ఈ 3, 4 నిమిషాల్లోనే. చాలామంది ఇక్కడే తొందరపడి దించేస్తారు.

ఉడికిందా లేదా అన్నది రంగుతో తేల్చకండి. లేత కోడి ఎముకల్లోని మజ్జ రంగు వల్ల బాగా ఉడికిన ముక్క కూడా ఎముక పక్కన ఎర్రగా ఉండొచ్చు, పచ్చి ముక్క తెల్లగానూ కనిపించవచ్చు. వంట థర్మామీటర్ చిన్న వస్తువు, నాలుగు కొత్త గిన్నెలకంటే అదే ఎక్కువ పనికొస్తుంది. లావుగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చండి. 74 డిగ్రీలు చూపిస్తే చికెన్ సురక్షితం. బ్రెస్ట్‌ని అక్కడే ఆపెయ్యాలి. తొడ ముక్క మాత్రం 80 నుంచి 85 దాకా వెళ్తేనే రుచి, అందులోని బంధన కణజాలం, అంటే కండని కలిపి ఉంచే గట్టి పొరలు, కరిగి మెత్తబడటానికి ఆ వేడి కావాలి. దించాక 5 నిమిషాలు కదపకుండా ఉంచి కొయ్యండి.

పొగ గురించి తప్పకుండా చెప్పాలి. కారం మాడితే ఆ ఘాటు గాలిలో కలిసి ఇల్లంతా దగ్గుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగ వచ్చాక కాదు, పెనం పెట్టేటప్పుడే వెయ్యండి, కిటికీ కూడా తెరవండి. నిప్పుల వాసన కోసం బొగ్గుల కుంపటిని, బొగ్గు గ్రిల్లుని వంటగదిలోకి తేవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, కిటికీ తీసి ఉన్నా ప్రాణాలు తీస్తుంది. ఆ వాసనే కావాలంటే మసాలాలో పొగబెట్టిన మిరపపొడి అర చెంచా కలపండి.

పచ్చి చికెన్‌ని కుళాయి కింద కడిగితే క్రిములు పోవు, చిమ్మిన నీళ్ళతో సింకు చుట్టూ పాకుతాయి. వాటిని చంపేది వేడే. పచ్చి ముక్కల్ని పట్టుకున్న పటకారుతోనే ఉడికినవాటిని తియ్యకండి. గిన్నెలో మిగిలిన మసాలాని ఉడికిన ముక్కల మీద పొయ్యడం కూడా ప్రమాదమే, అందులో పచ్చి మాంసపు రసం ఉంది. దాన్ని పారెయ్యక్కర్లేదు. మొదటి వాయి తీశాక పెనంలో పావు కప్పు నీళ్ళు పోసి, చెక్క గరిటెతో అడుగున అంటినదంతా గీకి ఒక గిన్నెలోకి ఒంపుకోండి, నల్లగా మాడి ఉంటే మాత్రం పారబోసెయ్యండి. పెనం తుడిచి, మళ్ళీ కాచి రెండో వాయి వెయ్యండి. రెండూ అయ్యాక, ఆ ఒంపుకున్న రసం, గిన్నెలోని మసాలా, ఇంకో పావు కప్పు నీళ్ళు పెనంలో కలిపి 3, 4 నిమిషాలు తెర్లనివ్వండి. పెరుగు కొంచెం విరిగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. చిక్కబడ్డాక పొయ్యి కట్టేసి ఒక చెంచా వెన్న వేసి తిప్పండి, ముక్కల పక్కన పెట్టండి, పైన పొయ్యకండి.