చిలుము పట్టిన రాగాలు

దేశంలో ఇతర సమస్యలు లేకపోలేదు గాని, విశాఖ సముద్రతీరాన ఉన్న ఇళ్లలో స్పీకరు తీగలకు చిలుము పడుతుంటే అధికారులు వహిస్తున్న మౌనం ఇక భరించరానిది. పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులో ఎర్రగా మెరవవలసిన రాగి, ఉప్పుగాలికీ తేమకూ లోనై, ఆ తొడుగులోని రసాయనాలు కూడా తోడై, కొన్నేళ్లకే ఆకుపచ్చగా మారిపోతోంది. చింతపండు పెట్టి తోముదామంటే అది చెంబు కాదు.

శ్రోతలు తమ వంతు త్యాగం చేయకపోలేదు. మామూలు కరెంటు తీగలో రాగి స్వచ్ఛత 99.9 శాతమే అని తెలిసి కలతచెంది, 99.95 శాతానికి పైబడిన ఆక్సిజన్ రహిత రాగిని ఎన్నో రెట్ల ధరకు కొని తెచ్చి, 21 శాతం ఆక్సిజన్ ఉన్న హాల్లో పరిచారు. లోపం ఎక్కడుందో ఇక్కడే తెలుస్తోంది. రాగిలోంచి తీసినట్టే హాల్లోంచి కూడా ఆక్సిజన్ తీసివేయాలి. ఊపిరి పీల్చుకునే అలవాటున్న కుటుంబసభ్యులు పాట అయ్యేదాకా బాల్కనీలో నిలబడవచ్చు.

చిలుము పైపొరకే పరిమితమనీ, లోపలి రాగికి అదే రక్షణ అనీ కొందరు వాదిస్తారు. అమెరికాలో స్టాట్యూ ఆఫ్ లిబర్టీ 2.4 మిల్లీమీటర్ల మందం రాగిరేకుతోనే, పచ్చబడి కూడా, 1886 నుంచి సముద్రపు గాలిలో నిలబడి ఉందని ఉదాహరణ చూపుతారు. నిజమే, కానీ ఆవిడ పాటలు వినదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ మూడు మీటర్ల దూరం పోయి వచ్చినా నిరోధం సుమారు 0.04 ఓములేననీ, 8 ఓముల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదనీ కూడా అంటారు. లెక్కలు చెప్పేవారితో సంగీతం గురించి మాట్లాడలేము.

మా మిత్రుడొకాయన ఇంట్లో ఎడమ స్పీకరు గరగరలాడితే, ఆయన వెండి తీగకు ఆర్డరు పెట్టే ప్రయత్నంలో ఉండగా, ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ యాంప్లిఫయర్ వెనక ఓసారి చూసి, వదులైన స్క్రూ కింద నల్లబడిన తీగ కొసను కటింగ్ ప్లేయరుతో అంగుళం మేర కత్తిరించి, తొడుగు ఒలిచి, కొత్త రాగిని మెలిపెట్టి బిగించాడు. గరగర పోయింది. రాగి ఆక్సైడ్ అర్ధవాహకమనీ, ఒకప్పుడు దానితో కరెంటును ఒకవైపే పోనిచ్చే రెక్టిఫయర్లే చేసేవారనీ, అది అతుకు దగ్గర చేరితేనే అసలు చిక్కనీ తెలిసినవారు దీన్ని వింతగా భావించరు.

మిత్రుడు మాత్రం తృప్తిపడలేదు. అంగుళం దూరాన్ని సంకేతం సెకనులో వంద కోట్లవ వంతు కూడా పట్టకుండా దాటేస్తుందన్నా వినకుండా, ఎడమ పాట ముందుగా వస్తోందంటూ కుడి తీగను కూడా అంగుళం కత్తిరింపజేసిన తరువాతే సోఫాలో కూర్చున్నాడు.