చూశాం కాబట్టి పాస్ చెయ్యాలి

అకౌంటింగ్ పరీక్షలు పెట్టే పెద్దలందరికీ చేసుకుంటున్న విన్నపం. అయ్యా, నేను ఫైనాన్షియల్ రిపోర్టింగ్ మీద 212 ఉచిత లెక్చర్లు చూశాను. మొదటి నుంచి చివరిదాకా, ప్రకటనలతో సహా చూశాను. కొన్నిటిని రెండుసార్లు చూశాను. డిఫర్డ్ ట్యాక్స్‌నైతే, అంటే ముందు ముందు లెక్కకొచ్చే పన్ను పాఠాన్నైతే, నిద్రలో కూడా విన్నాను. అయినా నాకు వచ్చినవి 41 మార్కులు. పాసవడానికి 50 కావాలట. ఇంత చూసినవాణ్ణి ఫెయిల్ చెయ్యడానికి ఆ దిద్దినవారికి చేతులెలా వచ్చాయో నాకు అంతుబట్టడం లేదు.

ఉచిత లెక్చర్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడే రకాన్ని కాను. ఆ మాస్టార్లు బ్రహ్మాండంగా చెబుతారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వాళ్ళకి అర్థమైంది కాస్తా నాకే అర్థమైందనిపించేలా చెబుతారు. బోర్డు మీద కన్సాలిడేషన్ లెక్క, అంటే గ్రూపు కంపెనీల పద్దులన్నీ ఒక్కటిగా కలిపే లెక్క, పరుగెడుతుంటే నా తల దానంతటదే ఊగుతుంది. "ఓస్, ఇంతేనా!" అని పైకే అంటాను. ఆ మాట పరీక్ష హాల్లో మాత్రం ఒక్కసారీ నోటికి రాలేదు.

నిజానికి ఆ లెక్క చేసిందెవరు? మాస్టారు. పోయినేడూ చేశారు, ఈ ఏడూ చేశారు. ఇప్పుడాయన్ని పరీక్షకి కూర్చోబెడితే కళ్ళు మూసుకుని పాసవుతారు. నేను చూస్తుండగా సాధన చేసుకున్నది ఆయనన్నమాట. చెయ్యి తిరిగింది ఆయనకి, తల తిరిగింది నాకు.

నా ధీమాకి శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. 2018లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులిద్దరు ఒక అధ్యయనం ప్రచురించారు. కాళ్ళు ముందుకు వేస్తున్నట్టుంటూ వెనక్కి జారే ఆ మూన్‌వాక్ డాన్సు వీడియోని కొందరికి ఒకసారీ, కొందరికి 20 సార్లూ చూపించారు. 20 సార్లు చూసినవాళ్ళకి "మనమూ చెయ్యగలం" అన్న నమ్మకం బాగా పెరిగింది. తీరా చేయించి చూస్తే ఒక్కసారి చూసినవాళ్ళకన్నా వీళ్ళు పొడిచిందేమీ లేదు. పరిశోధకులు దీన్ని భ్రమ అంటారు. నేనంటాను, నమ్మకం పెరగడం కూడా ఒక ఫలితమే కదా, దానికి పది మార్కులు వేస్తే మీ సొమ్మేం పోయింది?

ఇక బ్యాలెన్స్ షీట్ దగ్గరికి వద్దాం. ఆ 212 లెక్చర్లలో అది టాలీ కాకపోవడం నేనెన్నడూ చూడలేదు. దాంతో టాలీ అవడం దాని సహజగుణమనీ, పల్లానికి నీళ్ళు పారినట్టు రెండు వైపులూ వాటంతటవే సమమవుతాయనీ అనుకున్నాను. నేను సొంతంగా వేసిన మొట్టమొదటి బ్యాలెన్స్ షీట్ పరీక్ష హాల్లోనే పుట్టింది. తేడా 5,400 వచ్చింది. దాని వంక నేను చూస్తూ కూర్చున్నాను. చూడటం నాకు బాగా అలవాటైన పనే.

తేడాని సగం చేసి, ఆ మొత్తం ఏదైనా తప్పు పక్కన పడిందేమో వెతకాలట. తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూసుకోవాలట. 5,400 తొమ్మిదితో పోతుంది. నేను 8,200ని 2,800గా దించుకున్నాను. ఈ సంగతి హాలు బయటికొచ్చాక తెలిసింది. నేను చూసిన లెక్చర్లలో ఇది లేదు, ఉండదు కూడా. లెక్క తప్పిన టేకుని మాస్టారు ఎడిటింగ్‌లో కత్తిరించేస్తారు. నాకు కావలసింది ఆ కత్తిరించిన ముక్క.

లెక్చర్లో మరో సదుపాయం ఉంది. ఉచ్చు ఉన్నచోట మాస్టారు గొంతు తగ్గిస్తారు. "ఇక్కడ జాగ్రత్త, 25 శాతం లాభం అమ్మకం మీద కాదు, కాస్ట్ మీద" అంటారు. వందకి పాతిక కలిపి 125కి అమ్మారన్నమాట. అప్పుడు గ్రూపు కంపెనీ నుంచి కొని ఇంకా అమ్మకుండా మిగిలిన 75,000 సరుకులో తీసెయ్యాల్సిన లాభం 15,000 అని ఎవడికైనా తెలుస్తుంది. ప్రశ్నపత్రానికి గొంతు లేదు. 75,000లోనే 25 శాతం లెక్కగట్టి 18,750 తీసేసి గర్వంగా కింద రెండు గీతలు కొట్టి వచ్చాను.

సమయం విషయంలో కూడా ఘోరమే. వంద మార్కులకి మూడు గంటలు, అంటే మార్కుకి 1.8 నిమిషాలు. ఇరవై మార్కుల ప్రశ్నకి 36 నిమిషాలు. అదే స్థాయి ప్రశ్నని మాస్టారు రెండు భాగాలుగా, దాదాపు రెండు గంటలు చెప్పారు. నేను ఒకటిన్నర స్పీడులో లాగించాను కాబట్టి నాది చురుకైన బుర్రే అనుకున్నాను. హాల్లో గడియారం రెట్టింపు స్పీడులో నడిచింది. పాజ్ బటన్ లేదు. కనీసం పది సెకన్లు వెనక్కి వెళ్ళే వీలైనా లేదు. పెద్దలు ఆలోచించాలి.

లీజుల మీద నాకు తెగ నచ్చిన లెక్చర్ ఒకటుంది, 2015 నాటిది. అందులో ఆపరేటింగ్ లీజుకి తీసుకున్నవాడు అద్దె ఖర్చు రాసుకుని హాయిగా ఉంటాడు. 2019 జనవరి 1 నుంచి ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం అమల్లోకి వచ్చి, స్వల్పకాలపువీ స్వల్ప విలువవీ తప్ప మిగతా లీజులన్నిటికీ వాడుకునే హక్కుని ఆస్తిగా, కట్టాల్సిన బాకీని అప్పుగా చూపించాల్సిందే అంది. ఆ సంగతి వీడియోకి చెప్పినవాళ్ళు లేరు.

డబ్బు కట్టి కోచింగ్‌లో చేరిన మా మిత్రుడికి 43 వచ్చాయి. నాకన్నా రెండెక్కువ కాబట్టి ఫీజు గిట్టుబాటైందంటాడు. అక్కడ మాక్ టెస్టు రాసి ఇస్తే ఎర్ర పెన్నుతో దిద్ది, మార్కు ఎక్కడ పోయిందో చూపించే ఒకాయన ఉన్నారట. మావాడు ఆయన జోలికి పోలేదు. వీడియోలు చూశాడు.

ప్రతి లావాదేవీనీ డెబిట్టు, క్రెడిట్టు అని రెండు వైపులా రాసే జంటపద్దు విధానం గురించి ఇటలీ గణితజ్ఞుడు లూకా పాచోలి 1494లోనే వెనిస్‌లో అచ్చువేయించాడు. డెబిట్టూ క్రెడిట్టూ ఐదు వందల ఏళ్ళుగా దొరుకుతున్న సరుకే. దొరికితే వచ్చేసినట్టే అని ఇన్ని తరాల్లో ఎవరికీ తట్టలేదంటే, ఆ ఘనత మా తరానికే దక్కాలి.

మాస్టారు ప్రతి లెక్కకి ముందూ ఒక మాటంటారు: "ఇక్కడ వీడియో ఆపి, మీరు చేసి చూడండి." మర్యాదకి అంటున్నారనుకునేవాణ్ణి. మొన్న ఈ విన్నపానికి సాక్ష్యం కోసం 97వ లెక్చర్ మళ్ళీ పెట్టాను. ఆ మాట రాగానే, చెయ్యడం వల్ల ఒరిగేదేమీ లేదని రుజువు చెయ్యడానికే ఆపాను. కాగితం తీశాను. ఆయన 14 నిమిషాల్లో ముగించిన లెక్క నాకు గంటా పది నిమిషాలు పట్టింది. గుడ్‌విల్, అంటే కంపెనీని కొన్నప్పుడు దాని నికర ఆస్తుల విలువకన్నా ఎక్కువిచ్చిన మొత్తం, మూడుసార్లు మారింది. చివరికి తేడా 270.

ప్లే నొక్కాను. "టాలీ అయింది కదా?" అన్నారు మాస్టారు నవ్వుతూ.

మళ్ళీ ఆపాను. 270 తొమ్మిదితో పోతుంది. వర్కింగ్ నోట్లు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుంటూ వెళ్తే, నాలుగో దాంట్లో 630 ఉండాల్సిన చోట 360 కూర్చుని ఉంది.