వయొలిన్ పిల్లలకి డబ్బులివ్వండి, వాయించడానికి టైమివ్వండి

కర్ణాటక సంగీత కచేరీ ఫ్లెక్సీ మీద గాయకుడి ఫొటో నిలువెత్తున వేస్తారు. కింద వయొలిన్ వాయించే అమ్మాయి పేరు భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. సరే, పేరు సంగతి అటుంచండి. ఆ అమ్మాయికి ఎంతిస్తున్నారని అడిగి చూడండి, "అవకాశం ఇస్తున్నాం కదండీ" అంటారు. మా మేనకోడలు వయొలిన్ వాయిస్తుంది కాబట్టి ఈ మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కచేరీలు పెట్టే ఒక సంగీత సభవాళ్లయితే బస్సు చార్జీలు కూడా ఇవ్వకుండా శాలువా కప్పి పంపించేశారు. అదే సభలో హాలు అద్దె కట్టారు, మైక్ సెట్ వాళ్లకి ఇచ్చారు, పూలదండలకి ఇచ్చారు. సంగీతం సేవ అనే మాట మాత్రం వాయించే పిల్ల దగ్గరికి వచ్చేసరికే గుర్తొస్తుంది వీళ్లకి.

అసలు ఆ పిల్ల ఆ వేదిక దాకా రావడానికి ఏం చేసిందో తెలుసా? వీణకి మెట్లుంటాయి, వేలు ఎక్కడ పెట్టాలో కంటికి కనిపిస్తుంది. వయొలిన్‌కి అలాంటిదేమీ లేదు, నున్నటి నల్లచెక్క, దానిమీద నాలుగు తీగలు, అంతే. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే అపస్వరం. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అనే మొదటి పాఠాలు మూడు వేగాల్లోనూ వాయించి వాయించి వేళ్ల కొసలు కాయలు కాస్తే అప్పుడు గీతాలు, ఆ తర్వాత వర్ణాలు. అక్కడిదాకా వచ్చాక కూడా గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, రాకపోతే అది మన సంగీతం అనిపించుకోదు. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, తీసుకోండి. కాగితం మీద అది ఒక్క అక్షరం. చేతిలోకి రావాలంటే ఏళ్లు పడుతుంది, ఎందుకంటే ఎడమచేతి వేలు తీగ మీద ఊగుతూనే ఉండాలి, కుడిచేతిలో కమాను మాత్రం ఇసుమంత కూడా వణక్కూడదు. రెండు చేతులూ రెండు రకాల పని చేస్తుంటే చెవి ఈ రెంటినీ కాపలా కాయాలి.

ఇంత నేర్చుకుని వేదికెక్కితే అక్కడ మొదలవుతుంది అసలు పరీక్ష. మన కచేరీల్లో చాలావాటికి రిహార్సల్ ఉండదు. ఏ పాటలు పాడతారో ముందు చెప్పేవాళ్లు తక్కువ. గాయకుడు ఆరభి రాగం అందుకున్నాడా, దేవగాంధారి రాగం అందుకున్నాడా? రెండింటికీ ఆరోహణ అవరోహణలు, అంటే స్వరాలు ఎక్కే దిగే వరుసలు, ఒకటే, తేడా అంతా గమకంలో, నడకలో ఉంటుంది. వింటున్న మనం నెమ్మదిగా తేల్చుకోవచ్చు, తేల్చుకోకపోయినా మనల్ని అడిగేవాళ్లు లేరు. ఆ పిల్ల రాగం మొదటి పలుకు వినేసరికే పట్టుకుని వెంటనే నీడలా నడవాలి. పాట ఎక్కడ ఎత్తుకున్నాడో, తాళం ఏమిటో, నెరవల్, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా పెంచి పాడటం, ఏ పాదం దగ్గర చేస్తాడో అన్నీ అప్పటికప్పుడే. అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో ఆయన విసిరినదానికి దీటుగా జవాబు చెప్పాలి, అలాగని ఆయన్ని మించిపోయినట్టు కనిపించకూడదు. పాటకి ఆధారమైన స్థాయి, అంటే శృతి, కూడా రోజుకొకటి: ఇవాళ మగ గాయకుడికి ఒకటో శృతి, రేపు గాయనికి ఐదో ఐదున్నరో. ఆయనకి జలుబు చేసి చివరి నిమిషంలో శృతి అర తగ్గిస్తే నాలుగు తీగలూ మళ్లీ సవరించుకోవాలి, తీగ బిగించే బిరడా తిప్పేటప్పుడు తీగ తెగకూడదని దేవుడికి దండం పెట్టుకుంటూ.

ఇంతా అయ్యాక వయొలిన్ ఆలాపన వంతు వస్తుంది. సరిగ్గా అప్పుడే హాల్లో సగంమంది ఫోన్లు తీస్తారు. కొందరు గాయకులు మంచినీళ్లు తాగుతూ వాచీ చూసుకుంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇదంతా మన తెలుగు నేల మీద జరగడం ఇంకా బాధ. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెడితే, విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని 26 ఏళ్ల వయసులో అధ్యాపకుడిగా తీసుకున్నారు. డిగ్రీ చూసి కాదు, వాయించింది విని. వయొలిన్ ఒక్కదానితోనే కచేరీ నిలబెట్టొచ్చని చూపించిన మనిషి ఆయన, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు కూడా అందుకున్నారు. అదే విజయనగరం నుంచి వచ్చిన కన్యాకుమారి గారు గాయని ఎం.ఎల్. వసంతకుమారి గారికి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించారు. 2016లో ఆ బిరుదు ఆమెకి వచ్చినప్పుడు, అది అందుకున్న మొదటి మహిళా వయొలిన్ విద్వాంసురాలు ఆమే. ఆడపిల్ల వయొలిన్ పట్టుకుంటే పక్కన కూర్చుని పాడం అన్న మగ గాయకులున్న కాలాన్ని దాటి వచ్చిన తరం అది. ఇప్పుడు ఆ మాట పైకి అనరు గానీ, పేర్లు ఖాయం చేసేటప్పుడు జరిగేది చూస్తే పూర్తిగా పోయిందని నేను అనుకోను.

ఇక డబ్బు. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడ్ వచ్చింది, దాని పైమెట్టు బి హై కోసం మళ్లీ కష్టపడాలి, అప్పుడు కచేరీలు పెరుగుతాయేమో అని ఎదురుచూపులు. ఈలోపు బతకాలి కదా. అందుకని మేనకోడలు, ఆమె స్నేహితులు చాలామంది తెల్లవారుజామున అమెరికా పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు చెబుతున్నారు. క్లాసులు చెప్పడం తప్పేమీ కాదు, గౌరవంగా డబ్బులొచ్చే పని. కానీ సాధనకి పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పే వేళ అదే కదా! కచేరీ తిండి పెట్టకపోబట్టి ఆ గంటలు అమ్ముకుంటున్నారు. వేలు చురుగ్గా ఉన్న వయసులో పోయిన సాధన నలభైలో తిరిగి రాదు. మళ్లీ మనమే "ఈ తరంలో ఆ పాతవాళ్ల నాదం లేదండీ" అని నిట్టూరుస్తాం.

సభల నిర్వాహకులకి ఒకటే చెబుతున్నా. పక్కవాద్యాలకి ఎంతిస్తారో పిలిచిన రోజే చెప్పండి, ఇచ్చేది కచేరీ అయిన రాత్రే ఇవ్వండి. గాయకులు, ముఖ్యంగా పేరున్నవాళ్లు, చిన్నవాళ్లు పక్కన వాయించేటప్పుడు శృతి, ప్రధాన రాగం ఒకరోజు ముందు ఫోన్‌లో చెబితే మీ మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లి పాడే కళకి, వచ్చే లోటేమీ లేదు. సభవాళ్లు మా మాట వినరు, మీ మాట వింటారు. కాబట్టి కచేరీ ఒప్పుకునేటప్పుడు మీ పారితోషికం మాట్లాడుకున్నాక, ఫోన్ పెట్టేసే ముందు, "మరి వయొలిన్‌కి ఎంతిస్తున్నారు?" అని మీరే అడగండి.