మా వాడు రాగిజావ తాగుతాడు, వాడికి ఫ్లూ ఏంటండీ?

జూలై వచ్చింది, వానలు పట్టుకున్నాయి, మూడో బెంచీలో ఒకడు తుమ్మితే మూడు రోజులు తిరిగేసరికి మొదటి బెంచీ ఖాళీ అవుతోంది. ఇలాంటప్పుడు సమాజానికి కావాల్సింది నిష్పాక్షికమైన విచారణ. ఎవరింట్లో పిల్లాడికి ఫ్లూ వచ్చినా వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: వాళ్లమ్మ ఏం పెట్టింది? క్లాసులో ఎంతమంది దగ్గుతున్నారు, కిటికీలు తీస్తున్నారా, పక్కవాడి బాటిల్లో నీళ్లు తాగాడా లాంటివన్నీ కేసుని పక్కదారి పట్టించే ప్రశ్నలు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర నిలబడే పెద్దలందరిదీ ఈ విషయంలో ఒకే మాట. నేను దాన్ని రాసిపెడుతున్నాను, అంతే.

విచారణ ఎలా జరుగుతుందో కొత్తగా పెళ్లయినవాళ్లకి తెలియకపోవచ్చు. పిల్లాడికి జ్వరం అని తెలిసిన అరగంటలో అత్తగారి ఫోన్ వస్తుంది. "రాత్రి పెరుగన్నం పెట్టావా ఏంటమ్మా?" లేదత్తయ్యా. "మజ్జిగైనా పోసుంటావు." లేదండీ. "తలకి పోశాక సరిగ్గా తుడవలేదేమో." తుడిచానండీ. "అవున్లే, మా చిన్నోడి పెళ్లిలో వీడు ఐస్‌క్రీమ్ రెండుసార్లు తిన్నాడు, నేను అప్పుడే అనుకున్నా." ఆ పెళ్లి మే నెలలో జరిగింది. ఫ్లూ వైరస్ ఒంట్లోకి వెళ్లాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుందని డాక్టర్లు అంటారు, వైరస్‌కి అంతకన్నా ఓపిక లేదట. ఐస్‌క్రీమ్ అలా కాదు, రెండు నెలలు లోపల కూర్చుని, స్కూళ్లు తెరిచి, యూనిట్ టెస్టులు మొదలయ్యేదాకా ఆగి మరీ దెబ్బ కొట్టింది. ఫైలు మూసేశారు.

అసలు ఈ వైరస్ అనే వాదన ఎక్కడ మొదలైందో చూస్తే మీకే అనుమానం వస్తుంది. 1933లో లండన్‌లో ఫ్లూ రోగుల గొంతు కడిగిన నీళ్లని ఫెర్రెట్ల ముక్కుల్లో వేశారు, అవి చూడ్డానికి ముంగిసల్లా ఉంటాయి. వాటికి ఫ్లూ వచ్చింది. కొన్నాళ్లకి వాటిలో ఒకటి విల్సన్ స్మిత్ అనే శాస్త్రవేత్త మొహం మీదే తుమ్మింది, ఆయనకీ ఫ్లూ వచ్చి మంచం పట్టాడు, ఆయన గొంతులోంచి తీసిన వైరస్‌కి ఆయన పేరులోని అక్షరాలే పెట్టారు. బాగానే ఉంది. కానీ ఆ పొద్దున స్మిత్ గారు పరగడుపున ఏం తాగారు? అల్లం రసమా, కాఫీయా? ముందు రోజు రాత్రి అరటిపండు తిన్నారా? ఈ వివరాలేవీ లేకుండానే ప్రపంచమంతా వైరస్‌ని దోషిగా తేల్చేసింది. మన ఇళ్లలో ఇంత అజాగ్రత్తగా ఎవరి మీదా నింద వేయం.

సరే, తిండి మీద పరిశోధనలు లేవా అంటే ఉన్నాయి, అవి మనకి అనుకూలంగా ఉన్నంతవరకు చాలా గొప్పవి. రెండు నోబెల్ బహుమతులు తీసుకున్న లైనస్ పౌలింగ్ 1970లో విటమిన్ సి దండిగా తీసుకుంటే జలుబు దగ్గరికి రాదన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కొందరు ఊరుకోక వేలమంది మీద పరీక్షలు పెట్టి, మామూలు జనం రోజూ మింగినా జలుబు రావడం ఏమీ తగ్గలేదు, పిల్లల్లో జలుబు ఉండే రోజులు మాత్రం కాస్త తగ్గాయి అని తేల్చారు. పైగా అది జలుబు సంగతి, ఫ్లూ సంగతి వేరే. అలాగే జపాన్‌లో స్కూలు పిల్లలకి చలికాలమంతా విటమిన్ డి ఇచ్చారు, 2010లో ఫలితాలు వచ్చాయి: ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 18.6 శాతం మందికి 'ఏ' రకం ఫ్లూ వస్తే, విటమిన్ వేసుకున్నవాళ్లలో 10.8 శాతం మందికే వచ్చింది. చప్పట్లు. తర్వాత అదే దేశంలో ఇంకో పరీక్ష చేస్తే మొత్తమ్మీద తేడా ఏమీ కనపడలేదు, ఆ రెండో ముక్క ఎవరికీ ఫార్వర్డ్ చేయక్కర్లేదు.

మనకి సొంత అనుభవం లేదా ఏంటి? దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో మన హైదరాబాద్‌లోనే తేలింది, అమెరికా నుంచి వచ్చి విమానం దిగిన ఒక కుర్రాడికి. ఆ ఏడాది కర్పూరం, యాలకులు మూటకట్టి వాసన చూడమన్న సలహా ఊరూరా తిరిగింది, పిల్లల జేబురుమాళ్లన్నీ గుడి వాసన కొట్టాయి. కషాయాన్ని నేను ఏమీ అనను. మిరియాలు, శొంఠి, తులసి వేసి కాచింది వేడిగా తాగితే గొంతుకి హాయిగానే ఉంటుంది. మిరియాల చారన్నం జ్వరం నోటికి రుచిగానే ఉంటుంది. అవి వైరస్‌ని గుమ్మం దగ్గరే ఆపుతాయని వాటి మీద అంత బరువు పెట్టకపోతే చాలు. (మధ్యలో ఒక్క మాట, ఇది వెటకారం కాదు: ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకండి, జ్వరమొచ్చిన పిల్లలకి డాక్టర్ చెప్పకుండా ఆస్పిరిన్ వేయకండి.)

తిండి నిజంగా తేడా చూపించే చోటు ఒకటుంది, అది మన లిఫ్ట్ దాకా రాదు. కడుపునిండా తినక ఎదుగుదల ఆగిపోయిన పిల్లాడికి ఏ జబ్బు వచ్చినా గట్టిగా పట్టుకుంటుంది, ఊపిరితిత్తులకి పాకుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 31 శాతం, తెలంగాణలో 33 శాతం. అంగన్‌వాడీలో వాళ్లకి గుడ్డు సరిగ్గా అందుతోందా అని అడిగిన పెద్దమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఇమ్యూనిటీ పొడి డబ్బాలు అమ్మేవాళ్లు కూడా ఆ వీధుల్లోకి వెళ్లరు. ఇప్పటికే రాగిజావ, బాదం, నెయ్యి, ఉసిరి లేహ్యం తింటున్న మన బుజ్జిగాడికే ఇంకో చెంచా.

ఇక అలవాట్లు. మన స్కూళ్లలో పిల్లలకి నేర్పే అత్యున్నతమైన అలవాటు ఫుల్ అటెండెన్స్. వార్షికోత్సవంలో మెడల్ ఇస్తారు, ఫొటో తీస్తారు. ఆ మెడల్ ఎలా సాధిస్తారో దగ్గర్నుంచి చూడాలి. పొద్దున ఏడున్నరకి జ్వరం నూట ఒకటి. పారాసిటమాల్ సిరప్ పోస్తారు. ఎనిమిదింబావుకి వాడు నవ్వుతూ బూట్లు వేసుకుంటాడు, "చూశావా, తగ్గిపోయింది" అని నాన్న గర్వపడతాడు, ముగ్గురు పట్టే ఆటోలో పదకొండో వాడిగా ఎక్కిస్తారు. పదకొండున్నరకి మందు దిగిపోతుంది, వాడు డెస్కు మీద తల పెట్టి పడుకుంటాడు, స్కూలు నుంచి ఫోన్. ఫ్లూ వచ్చినవాళ్లు జ్వరం బయటపడే ముందు రోజు నుంచే వైరస్‌ని పంచుతారు, పిల్లలైతే వారం దాటినా పంచుతూనే ఉంటారు, కాబట్టి ఆ మూడు గంటల్లో మనవాడు తన వంతు సేవ చేసే వచ్చాడు. అటెండెన్స్ మాత్రం పడింది. వారం తర్వాత ఆటోలోని మిగతా పదిమంది అమ్మలకీ వాళ్ల వాళ్ల అత్తగార్ల ఫోన్లు వస్తాయి, పెరుగు గురించి.

చేతులు కడుక్కునే అలవాటు మంచిదేనని కైరోలో నిరూపించారు. అక్కడి ప్రైమరీ స్కూళ్లలో పిల్లల చేత రోజుకి కనీసం రెండుసార్లు చేతులు కడిగిస్తే, టెస్టులో తేలిన ఫ్లూ వల్ల బడి మానేయడం సగానికి తగ్గింది. రాగిజావకి, ఉసిరికి ఇలాంటి లెక్క ఏదీ నేను చూడలేదు. కానీ సబ్బుతో చిక్కేమిటంటే అది బాత్రూమ్‌లో ఉండాలి. ఫీజు లక్ష దాటిన స్కూల్లో కూడా వాష్‌బేసిన్ దగ్గర ఒక సీసా ఉంటుంది, అందులో జూన్‌లో లిక్విడ్ సోప్ పోస్తారు, అయిపోతున్నకొద్దీ నీళ్లు కలుపుతూ వెళ్తారు, ఆగస్టుకి అది శుద్ధమైన నీళ్ల సీసా. పేరెంట్ మీటింగ్‌లో దాని గురించి ఎవరైనా అడుగుతారా? అడగరు. మ్యాథ్స్‌లో రెండు మార్కులు ఎందుకు తగ్గాయో తేలేసరికే టైమ్ అయిపోతుంది.

టీకా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే డాక్టర్లు బాధపడతారు. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఐదేళ్ల దాకా ఏటా ఫ్లూ టీకా వేయించమని దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది, మొదటిసారి అయితే నెల తేడాతో రెండు డోసులు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, జేబులోంచే పెట్టుకోవాలి, అందరి వల్లా కాదు, ఒప్పుకుంటాను. వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి టీకా కూడా మారుస్తుంటారు. బాగా కుదిరిన ఏడాది డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సినంత జబ్బుని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది, వచ్చినా ముదరడం తక్కువ. ఇది విని మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన పెదవి విరిచాడు, "నలభై శాతమా, దానికి సూది ఎందుకండీ?" అని. ఆయనింట్లో ఏడాదికి ఆరు డబ్బాల ఇమ్యూనిటీ పొడి కొంటారు. అది ఎంత శాతం అని ఆయన ఎప్పుడూ అడగలేదు, డబ్బా మీద ఆడుకుంటున్న పిల్లాడి బొమ్మ ఉంది కదా, ఇంకేం కావాలి.

అయినా ఆయన మరీ మొండివాడేం కాదు, తర్వాత ఒప్పుకున్నాడు. వేశాక ఒంటికి పట్టడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి వానలకి ముందే వేయించండి అని డాక్టర్ చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎండలకి పిల్లాడికి వేడి చేస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు వద్దన్నారు. వానలు మొదలయ్యాక ముక్కు కారుతోంది కదా, తగ్గాక చూద్దామన్నారు. చలికాలం అంతా పెళ్లిళ్లు. ఈ మూడు కాలాలూ పోగా మిగిలిన రోజుల్లో మంచి రోజు చూసి తప్పకుండా వేయించాలని తీర్మానించారు.