రేషన్ లెక్క వేరు, కంచంలో పడింది వేరు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ కుటుంబాలు రాసుకున్న ఉత్తరాలపై వ్యాసం బాగుంది. ఒక్కటి సరిచేయాలి: 1,550 కేలరీల రేషన్‌ను జనం రోజూ తిన్నట్టు రాశారు. అది కాగితం మీది లక్ష్యం. బ్రిటిష్ జోన్‌లో, అంటే జర్మనీలో బ్రిటన్ పాలించిన భాగంలో, 1946 మార్చిలోనే దాన్ని సుమారు వెయ్యికి తగ్గించారు. అదైనా దుకాణానికి సరుకు వస్తేనే. రాకపోతే చేతిలో కూపన్ ఉన్నా చిత్తుకాగితమే. 1946–47 చలికాలంలో నదులు, కాలువలు గడ్డకట్టి బొగ్గు పడవలు ఆగిపోయాయి, రైళ్లు కుంటుపడ్డాయి, బంగాళాదుంపలు మంచు కొట్టి పాడయ్యాయి. ఆ నెలల ఉత్తరాల్లో ఆకలినీ చలినీ విడదీసి చదవలేం.

"పల్లెకు వెళ్లొచ్చాం" అని ఉంటే చాలాసార్లు దుప్పట్లు గానీ వెండి చెంచాలు గానీ ఇచ్చి దుంపలు తెచ్చుకున్నారనే. దారిలో పోలీసు తనిఖీకి దొరికితే పాపం, అవీ పోయేవి. అమెరికా బంధువులను కాఫీ, సిగరెట్లు అడిగారంటే విలాసం అనుకోకండి. నల్లబజారులో సిగరెట్టే నాణెం. కవరు అంచున సెన్సారు పట్టీ (అధికారులు ఉత్తరం తెరిచి చదివి మళ్లీ అంటించే కాగితం) ఉందేమో కూడా చూడండి. ఉంటే, లోపల ఫిర్యాదు లేనంత మాత్రాన ఇంట్లో కష్టం లేదనకూడదు.

1948 జూన్ 20న పశ్చిమ జోన్లలో (అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ పాలించిన భాగాల్లో) పాత డబ్బు మార్చి తలకు 40 కొత్త మార్కులిచ్చారు; మార్కు అక్కడి కరెన్సీ. దాచిన సరుకు దుకాణాల్లోకి వచ్చింది, పాత పొదుపు మాత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అప్పటిదాకా సరుకు లేదని రాసినవాళ్లు ఇక డబ్బు లేదని రాయడం మొదలుపెట్టారు.