నలుపు అడిగితే పసుపు కోరిన ఇంక్‌జెట్ ప్రింటరు గారికి

మహారాజశ్రీ ప్రింటరు గారికి,

చెన్నై, వెస్ట్ మాంబళం నుండి, మీ యజమానినని చెప్పుకొనే సేవకుడు నమస్కరించి వ్రాయునది. రేపు మా నాయనమ్మ ఆబ్దికం. పటం కట్టించడానికి ఈ మధ్యాహ్నం నేను తమరిని కోరింది ఒకే ఒక్క నలుపు-తెలుపు ఫొటో. తమరేమో పసుపు ఇంకు అయిపోయిందని, అది మార్చేదాకా పని మొదలుపెట్టేది లేదని సెలవిచ్చారు.

ఎండలో రిచీ స్ట్రీట్‌కు వెళ్లి పసుపు తెచ్చి పెట్టాను. వెంటనే హెడ్ క్లీనింగ్ పేరుతో అన్ని రంగులూ తాగి, తాగినదంతా లోపలి స్పాంజిలోకి వదిలారు. అది నిండిన రోజున తమరు పూర్తిగా సమ్మె చేస్తారన్న సంగతి వేరే చెప్పాలా? చివరికి వెలువడిన ఫొటోలో నాయనమ్మ ట్యూబ్‌లైటు కింద పచ్చగానూ, వాకిట్లో వెలుతురుకు ఊదాగానూ కనిపించింది.

దాని మాతృక 1962లో మైలాపూరులోని ఒక స్టూడియోలో తీయించినది. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద, డెవలపర్ తొట్టిలో తేలివచ్చిన ఆ నలుపు ఏ రంగుల మిశ్రమమూ కాదు, జెలటిన్ పొరలో కుదురుకున్న వెండి రేణువులు. వెలుగు సోకని వెండి లవణాలను హైపో అనే రసాయనం కరిగించివేయగా మిగిలిన బొమ్మ. మా ఊరి తేమకు అంచుల్లో బూజు పట్టిన మాట నిజమే గానీ, ఆమె ముఖం ఇన్నేళ్లలో ఏ దీపం కిందా రంగు మార్చలేదు.

తమరి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. డార్క్‌రూమ్‌లో ఫైబర్ కాగితం మీద తీసిన ప్రింటును హైపో పోయేదాకా సుమారు గంటసేపు పారే నీటిలో కడగాలి; 2019 వేసవిలో ట్యాంకరు లారీ కోసం బిందెలు వరుసలో పెట్టిన ఈ ఊళ్లో ఆ ప్రస్తావన తెచ్చి ఉంటే మా ఆవిడ నన్నే కడిగి ఆరేసేది. అదీగాక, సన్నని రంగుపొడి కలిపిన పిగ్మెంట్ ఇంకులతో, విడిగా బూడిదరంగు ఇంకులతో తమ అన్నగార్లు కాటన్ కాగితం మీద తీసే ప్రింట్లు చూసి నోరు తెరిచాను. ధర విని మూసుకున్నాను.

కానీ నువ్వు? ఇక మర్యాదలు చాలు. నీ కడుపులో నల్ల ఇంకు నిండుగా ఉంది. ఫొటో కాగితం పెడితే దాన్ని ముట్టవు. మూడు రంగులు కలిపి నలుపని నమ్మిస్తావు, అందులో ఒక్కటి తగ్గినా మొరాయిస్తావు. ఇప్పుడు, ఆ క్లీనింగ్ పుణ్యమా అని, సయాన్ అనే నీలి ఇంకు అయిపోయిందట. తేను. రేపు ఆ పాత పటమే తుడిచి, దండ వేస్తాను.

ఇట్లు,
నీ యజమాని