మార్కులు పైకి చదవడం ఆపితేనే క్లాసులో ప్రశాంతత

సోమవారం మొదటి పీరియడ్. శనివారం రాసిన టెస్టు పేపర్ల కట్ట టీచర్ చేతిలో ఉంది. ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరుసగా పేర్చిన కట్ట అది. పేరు, పక్కనే మార్కులు పైకి చదువుతూ పంచుతారు. మొదటి పది పేర్లకు చప్పట్లు. ఇరవై దాటేసరికి చప్పట్లు ఆగిపోతాయి. ముప్పై దాటాక టీచర్ గొంతు మారుతుంది. ఇంకా పేరు పిలవని పిల్లలు బెంచీ మీది గీతలు చూస్తూ కూర్చుంటారు. కట్ట పలచబడే కొద్దీ తమ మార్కులెంత తక్కువో వాళ్లకు తెలిసిపోతూ ఉంటుంది. చివరి పేపరు ఎవరిదో చెప్పక్కర్లేదు. క్లాసంతా అప్పటికే అటు తిరిగి చూస్తుంది.

నేను ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉన్నాను. అంతకు ముందు ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేశాను. అక్కడ చాలాకాలం పేపర్లు నేనూ ఇలాగే పంచాను. మాకు చదువు చెప్పినవాళ్లు అలా పంచారు కాబట్టి అదే పద్ధతి అనుకున్నాను. నలుగురిలో తల దించుకుంటే పట్టుదల వస్తుందని నిజంగానే నమ్మాను.

ఆ నమ్మకం పోవడానికి తొమ్మిదో తరగతి అమ్మాయి కారణం. నోటుబుక్కులో లెక్కలన్నీ శుభ్రంగా చేసేది. బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఒకరోజు స్లిప్ టెస్టులో తెల్ల కాగితం ఇచ్చింది. ఏమైందమ్మా అని అడిగాను. "వచ్చు సార్. రాయబోతే అన్నీ పోయాయి" అంది. కాగితం కింది అంచు చెమటకు తడిసి ముడతలు పడి ఉంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన అంకెలను, తర్వాత వేయాల్సిన మెట్టును మెదడు కాసేపు పట్టుకుని ఉంచాలి. ఆ పట్టు చాలా చిన్నది. ఒకేసారి నాలుగైదు సంగతులకు మించి అందులో నిలవవు. తప్పయితే సార్ ఏమంటారో, పక్కవాళ్లు నవ్వుతారేమో అన్న భయం అందులో సగం చోటు ఆక్రమించుకుంటే లెక్కకు చోటేది? గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం ఇవన్నీ ప్రమాదం నుంచి పారిపోవడానికి శరీరం సిద్ధమయ్యే గుర్తులు. కూర్చుని సమీకరణం సాధించడానికి అవి పనికిరావు.

కొంచెం టెన్షన్ ఉంటేనే చదువుతారు అనే మాట స్టాఫ్‌రూమ్‌లో తరచూ వినబడుతుంది. అందులో కొంత నిజముంది. 1908లోనే యెర్కిస్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, ఒత్తిడి కొంతవరకే నేర్చుకోవడానికి సాయపడుతుందని, హద్దు దాటితే చెడగొడుతుందని చెప్పారు. పని కష్టమయ్యే కొద్దీ ఆ హద్దు మరింత ముందుగానే వచ్చేస్తుంది. ఎక్కాలు అప్పజెప్పడానికి పనికొచ్చిన భయం త్రికోణమితి దగ్గర అడ్డం తిరుగుతుంది. మనమేమో తరగతి పెరిగే కొద్దీ భయం కూడా పెంచుకుంటూ పోతున్నాం.

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 6 నుంచి 12వ తరగతి దాకా సుమారు 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగితే, తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమని 81 శాతం మంది చెప్పారు. అదే ఏడాది దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క. మనకు ఈ బాధ కొత్తదీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీ విద్యార్థుల ఆత్మహత్యల మీద నీరదా రెడ్డి కమిటీ వేసింది 2001లో. ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేసింది 2017లో. రెండింటి మధ్య పదహారేళ్లు. ఆ మధ్యలో ఫలితాలు వచ్చిన ప్రతిసారీ టీవీల్లో ఊపిరి తీయకుండా ర్యాంకులు చదివే ప్రకటనలు వస్తూనే ఉన్నాయి.

2019 ఏప్రిల్ సంగతి మర్చిపోలేను. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. మళ్లీ చూస్తే అది 99 అని తేలింది. ఆ ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల మెమో మీద కనబడిన అంకె తప్పు కావచ్చని పిల్లలకు ఎందుకు తోచదు? తోచినా ఆగి అడిగే ధైర్యం ఎందుకు ఉండదు? అంకె చెప్పిందే తన విలువ అని పదేళ్లపాటు ప్రతి సోమవారం క్లాసులో మనమే నేర్పాం కాబట్టి అని నా అభిప్రాయం.

ఇప్పుడు చాలా స్కూళ్లు ధ్యానం, యోగా, శ్వాస వ్యాయామాలు పెడుతున్నాయి. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా హ్యాపీనెస్ కరికులం తెచ్చారు. నేను వీటికి వ్యతిరేకిని కాను. ఊపిరి పీల్చిన దానికన్నా వదలడం నెమ్మదిగా చేస్తే గుండె వేగం తగ్గుతుంది, అందులో సందేహం లేదు. టెస్టుకు ముందు మా పిల్లలతో రెండు నిమిషాలు నేనూ చేయిస్తాను. అయితే బ్రిటన్‌లో మిరియడ్ పేరుతో 85 స్కూళ్లలో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో పెద్ద ప్రయోగం చేశారు. టీచర్లకు శిక్షణ ఇచ్చి మైండ్‌ఫుల్‌నెస్, అంటే మనసును ఈ క్షణం మీద నిలిపే సాధన, పాఠాలుగా చెప్పించారు. మామూలుగా నడిచే స్కూళ్లలోని పిల్లలతో పోలిస్తే వీళ్ల మానసిక ఆరోగ్యం మెరుగుపడలేదని 2022లో ఫలితాలు వచ్చాయి. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఎనిమిదిన్నరకు కళ్లు మూయించి, తొమ్మిదింటికి మార్కులు పైకి చదివితే ఆ ప్రశాంతత ఎంతసేపు నిలుస్తుంది?

క్లాసు నడిచే తీరులోనే మార్పు రావాలి. దానికి డబ్బు ఖర్చు కాదు, ప్రత్యేకంగా పీరియడూ అక్కర్లేదు.

మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసులను టేపు రికార్డర్‌లో రికార్డు చేసి, ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక్క సెకను. ఆ తర్వాత ఇంకొకరిని లేపడమో, జవాబు తామే చెప్పడమో చేస్తున్నారు. బాగా చదవరు అనుకున్న పిల్లలకైతే ఇంకా తక్కువ సమయం ఇస్తున్నారు. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, "తెలీదు" అనడం తగ్గింది.

ఇది చదివాక నేను చేతులు వెనక్కి కట్టుకుని వేళ్ల మీద ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం ఆ మౌనం భరించడం చాలా కష్టమైంది. సార్ పాఠం మర్చిపోయారేమో అన్నట్టు పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో వారంలో కిటికీ పక్కన కూర్చునే పిల్లాడు, ఆ ఏడాదంతా ఒక్క మాట మాట్లాడనివాడు, భుజం దాకా చెయ్యెత్తి మళ్లీ దించేశాడు. నేను ఇంకాస్త ఆగాను. మళ్లీ ఎత్తాడు. జవాబు సగమే కరెక్టు. మిగతా సగం వెనక బెంచీ నుంచి వచ్చింది.

పేపర్లు ఇప్పుడు మడిచి ఇస్తాను. పేరు బయటికి, మార్కులు లోపలికి. క్లాసులో ఎక్కువమంది చేసిన తప్పు ఒకటి ఎంచుకుని, ఎవరిదో చెప్పకుండా బోర్డు మీద వేస్తాను. ఇది ఎందుకు జరిగి ఉంటుందని అడిగితే, ఆ తప్పు చేసినవాళ్లే ముందుగా కారణం చెబుతారు. పెద్ద పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థుల్లో, ముఖ్యంగా బాగా కంగారుపడే వాళ్లలో, మార్కులు మెరుగయ్యాయని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపారు. మేమూ రాయిస్తాం. ఆ కాగితం నేను చూడను. చింపేసుకోవచ్చు, జేబులో పెట్టుకోవచ్చు, వాళ్లిష్టం.

ఇదంతా టీచర్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదని తెలుసు. బడిలో అడుగుపెట్టింది మొదలు యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, పై నుంచి ఫోన్లు. ప్రైవేటులోనైతే సెక్షన్ రిజల్ట్ తగ్గితే జీతం మీద మాట వస్తుంది. టెన్షన్‌తో క్లాసులోకి వచ్చిన మనిషి దాన్ని పిల్లల మీదే దించుతాడు. నేనూ దించాను.

అందుకే చట్టం వైపు నుంచి గట్టి పట్టు కావాలి. మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లోనే చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక కౌన్సిలర్ ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయవద్దని, నలుగురిలో అవమానించవద్దని చెప్పింది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. మన ఊరి కేసులో వచ్చిన తీర్పు ఇది. మన స్కూళ్లు, కాలేజీల్లో ఎన్నిచోట్ల నోటీసు బోర్డు మీద ఉంది? పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు గురించి అడిగే తల్లిదండ్రులు ఈసారి కౌన్సిలర్ గది ఎక్కడుందో కూడా అడగాలి. గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసి ఉందో లేదో చూడాలి. బాధలో ఉన్న పిల్లలు, పెద్దలు ఎవరైనా ఆ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తెల్ల కాగితం ఇచ్చిన అమ్మాయి సంగతి మిగిలింది. ఆ ఏడాది ఆఖరి మూడు నెలలు నేను ఆమెను బోర్డు దగ్గరికి పిలవలేదు. ఎవరికి రావాలనిపిస్తే వాళ్లే రండి అని చెప్పి వదిలేశాను. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం తనే లేచి వచ్చింది. రెండు వరుసలు రాసి, మూడో వరుసలో మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేసింది. నేను చెప్పబోయి ఆగాను. కాసేపు బోర్డు వైపే చూసింది. వెనక్కి తిరిగి నా ముఖం చూడలేదు. అరచేత్తో తుడిచి, గుర్తు మార్చి, నాలుగో వరుస మొదలుపెట్టింది.